అవ్వ పనికి గడి ఏది?

భారత జనగణన కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఈ ఉత్తరం గద్వాల నుంచి. రాస్తున్న మనిషి మగ్గం గుంత పక్కన పుట్టి పెరిగినవాడు. నేత నేర్చుకోలేదు, పాలిటెక్నిక్ చదివి జీతగాడయ్యాడు. అతని నోటి నుంచి 2011లో ఒక అబద్ధం వచ్చింది. అది ఇప్పటికీ మీ లెక్కల్లో నిజంగా చలామణీ అవుతోంది. అందుకే మీకు విన్నవించుకోవడం.

ఆ ఏడు ఫిబ్రవరిలో జనాభా లెక్కల పంతులు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, మోకాలి మీద కాగితం పరుచుకుని ఒక్కొక్కరి వివరం అడుగుతూ పోయాడు. అవ్వ వంతు వచ్చింది. పేరు, వయసు, చదువు అయ్యాయి. ఏం పని చేస్తుందని అడిగాడు.

"అవ్వనా? ఏం చేయదు సార్, ఇంట్లనే ఉంటది."

పంతులు ఏదో అంకె వేసుకున్నాడు. లోపల నడవాలో రాట్నం తిరుగుతోంది. ఆ చప్పుడు పంతులుకూ వినబడుతోంది, జవాబు చెప్పిన మనవడికీ వినబడుతోంది. తిప్పుతున్నది అవ్వే.

పని చేయనివాళ్ళకు మీ ఫారంలో కొన్ని రకాలు ఉన్నాయి: విద్యార్థి, ఇంటిపనులు చూసుకునేవారు, ఆధారపడినవారు, పింఛనుదారు, ఇంకా కిందికి పోతే బిచ్చమెత్తేవారు. అవ్వకు ఏ అంకె పడిందో మనవడు తొంగి చూడలేదు. వయసును బట్టి 'ఆధారపడినవారు' అయి ఉంటుందని అతని అనుమానం. ఆ ఇంట్లో ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో మగ్గానికి తెలుసు.

గద్వాల చీర సంగతి మీకు తెలియనిది కాదు. ఒళ్ళు నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలుకూ పట్టుకూ పొత్తు కుదిర్చేదే ఈ ఊరి విద్య. అంచు పేకను ఒళ్ళు పేకతో పోగు పోగుకూ మెలిపెట్టి కలుపుతారు. కుట్టు అంచు అంటారు గానీ అందులో సూది లేదు. నేసేటప్పుడు మూడు నాడెలు ఆడాలి, నడుమ ఒకటి, రెండు అంచులకు చెరొకటి. నాడెలో కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది. ఆ కండె చుట్టేది ఎవరు? గద్వాలలోనైనా, రాజోలిలోనైనా, అయిజ, గట్టు, అమరచింత, కొత్తకోటల్లోనైనా చాలా ఇళ్ళలో జవాబు ఒకటే: ఆ ఇంటి ఆడమనిషి. చూపు ఆనినన్నాళ్ళు కోడలు పోగులు అతుకుతుంది, చూపు తగ్గాక అత్త కండెలు చుడుతుంది. పాత పడుగు కొసకు కొత్త పడుగు కొసను, వేళ్ళకు బూడిద అద్దుకుంటూ, పోగు వెంట పోగు మెలితిప్పి అతకడాన్ని అచ్చు అతకడం అంటారు. పోగులు వందలు కావు, వేలు. ఒక్క పోగు జారినా చీరలో గీత పడుతుంది. ఆ గీత చూపించి షావుకారు ధర కోస్తాడు. అచ్చు అతికినందుకు వేరే కూలి లేదు, కండెలు చుట్టినందుకూ లేదు. చీర ధర మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికి వస్తుంది. నేతగాడు అని పేరు పడేదీ అతనికే.

ఈ అవ్వ ఈ పనిలోకి వచ్చింది పెళ్ళితో. పోలీసు చర్య నాటికి పాలపళ్ళు ఊడుతున్నాయని ఆమే చెప్పేది. అంటే 1948 సెప్టెంబర్‌లో ఆరేళ్ళో ఏడేళ్ళో. పదమూడో ఏట కాపురానికి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో మగ్గం ఒక్కనాడు ఆగినా అది అమావాస్యకో చావుకో పని దొరకకో ఆగింది, కండె లేక ఆగలేదు. నడుమ నడుమ నేతకు పని దొరకని రోజుల్లో కైకిలి పోయింది. పల్లి కాయ కోసింది. ముసలితనంలో సీడు పత్తి చేలకూ పోయింది. సీడు పత్తి అంటే ఈ జిల్లా బయట తెలియకపోవచ్చు. హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడ చేతులతో తయారవుతుంది. పొద్దుమీకి మొగ్గను గిల్లి మగ భాగం తీసేయాలి, తెల్లారి వేరే చెట్టు పూవు తెచ్చి దాని మీద అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. చెట్టు చెట్టుకూ, పూవు పూవుకూ ఇదే పని. సన్నని వేళ్ళు కావాలని ఒకప్పుడు బడి మాన్పించి మరీ ఆడపిల్లలను తెచ్చేవారు. అందుకే ఈ పంటకు చెడ్డపేరు వచ్చింది. పోగులు అతికి అతికి సాగిన అవ్వ వేళ్ళు కూడా ఆ చేలకు నప్పాయి.

ఇదంతా ఇంటిపని పోగా. ఇంటిపని సంగతి వేరే చెప్పాలి.

తెల్లవారుజామున నాలుగింటికి అవ్వ లేచేది. వాకిలి ఊడ్చి చల్లి, పొయ్యి అలికి, జొన్న రొట్టెలు కొట్టేది. చుట్టుపక్కల ఇళ్ళలోంచి కూడా ఆ చప్పుడే వచ్చేది. రొట్టె పలచగా రావాలంటే నీళ్ళు మరగాలి, పిండి అరచేత్తో సాగాలి. నలుగురికి సద్ది కట్టి, మిగిలినదాన్ని మజ్జిగలో నంజుకుని తాను తినేది. మనవడు వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు ఆ చప్పుడు ఇంకో రెండు రొట్టెల మేర పెరిగింది. 1959లో పెట్టిన ఆ కాలేజీ వనపర్తి రాజావారి బంగళాలో నడిచేది. రాజుల గదుల్లో కూర్చుని నేతగాళ్ళ పిల్లలూ రైతుల పిల్లలూ డ్రాయింగులు గీసేవారు. వారానికోసారి గద్వాల బస్సు కండక్టర్ చేతికి ఒక బట్టమూట అందేది. రొట్టెలు, పల్లిపొడి, నూనెలో మగ్గిన మామిడికాయ తొక్కు. మూట విప్పితే ఒక మూల ముడిలో పది రూపాయలో ఇరవయ్యో ఉండేది. ఆ డబ్బు ఎక్కడిదని మనవడు ఎప్పుడూ అడగలేదు. పొరుగు మగ్గాలకు కండెలు చుట్టి సంపాదించిందని పెళ్ళయ్యాక భార్య చెబితే తెలిసింది. అవ్వ ఆ ముచ్చట ఆమెతో చెప్పుకుంది, మనవడితో చెప్పలేదు.

అవ్వ చెల్లెలిని నాగర్‌కర్నూల్ దిక్కు, కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డు ఊరికి ఇచ్చారు. శ్రీశైలం డ్యామ్ నీళ్ళు ఎగదన్నినప్పుడు ఇప్పటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల్లోనూ ఆవలి ఒడ్డున కర్నూలు వైపూ ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. ఆ ఊరూ అందులో పోయింది. మునిగే గుళ్ళను మాత్రం పురావస్తు శాఖ కాపాడింది. కూడవెల్లి సంగమేశ్వరుడిని అలంపురానికి తెచ్చారు, సోమశిల గుళ్ళను ఒడ్డుకు ఎక్కించారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తులు పెట్టుకుని విప్పి, మళ్ళీ అలాగే నిలబెట్టారు. మంచి పనే, ఎవరికీ పేచీ లేదు. పరిహారం మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వారికి ముట్టింది. ఇల్లు అలికి, గాదె నింపి, పశువులను సాకి, ఏట్లోంచి కడవలు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ పట్టాలోనూ లేవు. 1986లో వచ్చిన 98వ జీవో ముంపు కుటుంబానికొక ఉద్యోగం అంది. ఆ ఉద్యోగాల కోసం ఇళ్ళలో మనవళ్ళ తరం దాకా ఎదురుచూశారు. చిన్నవ్వ ఎదురుచూడలేదు. కొత్త ఊళ్ళో మొదట పొయ్యి రాళ్ళు పెట్టింది.

కమిషనర్ గారూ, ఫారాన్ని తప్పుపట్టడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. ఫారం చాలామటుకు దిద్దుకుంది. 1991లో పని ప్రశ్న పక్కనే, పొలంలో గాని కుటుంబ వృత్తిలో గాని కూలి లేకుండా చేసేది కూడా పనే అని చేర్చారు. పనివాళ్ళను సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమలో ఉన్నవారు, ఇతరులు అని విడదీస్తారు. ఏడాదిలో ఆరు నెలలు గాని అంతకు మించి గాని చేస్తే ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. ఈ లెక్కన 2011లో అవ్వ ఎవరు? డెబ్బై ఏళ్ళ ప్రధాన కార్మికురాలు, గృహ పరిశ్రమలో. మీ నిబంధన ఆమెను ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది గుమ్మంలో నిలబడి జవాబు చెప్పిన మనవడు.

అలాగని ఫారానికి పూర్తిగా మార్కులు వేయడానికీ లేదు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2010లో, 2001 జనగణన ఇంటిపని చేసే ఆడవాళ్ళను బిచ్చగాళ్ళు, ఖైదీల వరుసలో కూర్చోబెట్టిందని గట్టిగానే మందలించింది. కేంద్రం వారి సమయ వినియోగ సర్వే 2024లో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారని తేల్చింది. మగవాళ్ళకు అది 88. అయిదేళ్ళ ముందు సర్వేలో ఈ అంకెలు 299, 97. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్ళకు తొమ్మిది తగ్గాయి. మగవాళ్ళు పంచుకున్నందువల్ల తగ్గలేదన్నమాట, గ్యాసూ నల్లా వచ్చి తగ్గి ఉండాలి.

ఈ సర్వే అడిగే తీరు చూడండి. మీరేం పని చేస్తారు అని అడగదు. నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఈరోజు నాలుగింటి దాకా ఏమేం చేశారు అంటుంది, అరగంట అరగంటకూ. నాలుగింటికి! ఆ ప్రశ్న తయారుచేసిన ఆఫీసరు ఇంట్లో ఒక అవ్వ ఉండి ఉండాలి.

పని చేస్తావా అంటే అవ్వలు చేయనంటారు. ఈ మాట కూడా దాచకూడదు. ఆ రోజు పంతులు లోపలికి వచ్చి అవ్వనే అడిగి ఉంటే ఆమె కూడా "నాకేం పని బిడ్డా, ముసల్దాన్ని" అనేదేమో. పని అంటే కూలి వచ్చేదనీ, తమది వట్టి 'చేసుకునుడు' అనీ వాళ్ళ అభిప్రాయం. నిన్న ఏం చేసినవవ్వా అంటే మాత్రం ఆపడం మీ తరం కాదు.

లెక్క వేస్తే ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్ళుంటారు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేత కుర్రవాడు అమ్మ లక్ష్మి ఆసు పోయడం, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పడం, చూశాడు. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆమె చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. భుజం పట్టేసేది, రాత్రి నిద్ర ఉండేది కాదు. ఆ తొమ్మిది వేలను ఎవరో ఒకరు లెక్కపెట్టారు కాబట్టే యంత్రం పుట్టింది. 1999లో అది పూర్తయింది. దానికి పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో మల్లేశానికి పద్మశ్రీ ఇచ్చారు. 2019-20 చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళు ఉన్నారనీ, నేతవాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళనీ చెప్పింది. దాంతో నేత అంటే మగపని అన్న మాట కాగితం మీదనైనా పోయింది. ఇంటింటికీ తిరిగి మగ్గాన్నీ రాట్నాన్నీ అడిగారు కాబట్టి ఆ అంకె వచ్చింది.

లేరు అన్నవాళ్ళకు లెక్క తీసి చూపించడం ఈ మట్టికి పాత అలవాటే. గద్వాల సంస్థానంలోని ఇటికాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారి ఊరు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, ఆయన వాదనకు దిగకుండా 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. తర్వాత రాజుల చరిత్ర వదిలి జనం తిండి, బట్ట, ఆటపాటలు ఏరి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే. 1952లో వనపర్తి ఓటర్లు ఆయన్ను శాసనసభకు పంపారు. ఆయన బతికి ఉంటే అవ్వల సంచిక వేసేవారా అని ఈ లేఖ రాస్తున్న మనిషికి ఒక్కోసారి అనిపిస్తుంది.

వయసు గడి గురించి ఒక మాట. మీ పట్టికల్లో అరవై, అరవై అయిదు, డెబ్బై దగ్గర జనం గుట్టలుగా పోగుపడటం, అరవై రెండు, అరవై ఏడు దగ్గర పలచబడటం మీరు చూసే ఉంటారు. ఆధార్ వచ్చాక ఈ వైపు ఊళ్ళలో సగం మంది జనవరి 1న పుట్టారు. అవ్వ కార్డులోనూ అదే. కానీ అవ్వల దగ్గర పంచాంగం లేక కాదు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. 'పెద్దోడు ఆ పుష్కరాలకు చంకల ఉండె' అంటే అది పుట్టినరోజు పత్రం కిందే లెక్క. ఇందిరమ్మ పోయిన ఏడు, రాజోలిని తుంగభద్ర ముంచి మగ్గాల గుంతల్లో ఒండ్రు నింపిన 2009 అక్టోబర్, ఇవన్నీ వాళ్ళ తేదీలే. ఊరి సంఘటనలతో వయసు పోల్చుకోండని మీ శిక్షణ పుస్తకాలే చెబుతాయి. అడిగే ఓపికే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఫిబ్రవరి. 2027 లెక్కకు మీరు మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకున్నారు, అంటే పంతుళ్ళు ఫిబ్రవరిలో తిరుగుతారు. ఈ జిల్లాలున్న పాలమూరులో ఫిబ్రవరి అంటే వలస. దసరా, దీపావళి దాటగానే మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని గుంపులు బొంబాయి, పుణె దిక్కు బస్సు ఎక్కుతాయి, వానల ముందు తిరిగొస్తాయి. దేశంలో చాలా డ్యాములకు మట్టి మోసింది ఈ గుంపులేనని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు, ఏడుస్తూ కూడా చెప్పుకుంటారు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్ళు పారాక వలస తగ్గింది గాని ఆగలేదు. అలా వనపర్తి పల్లెల్లో మీ పంతులు తట్టే తలుపు వెనక ఒక అవ్వ, నలుగురు పిల్లలు ఉంటారు. పిల్లలు ఇద్దరు కొడుకుల పిల్లలు. వాళ్ళను లేపి, నీళ్ళు పోసి, బడికి తోలి, జ్వరమొస్తే నెత్తిన తడిగుడ్డ వేసి, రాత్రి ఫోనులో తల్లిదండ్రులకు చూపించి పడుకోబెట్టేది అవ్వే. బొంబాయిలో ఒక మేడ లేస్తున్నదంటే ఆ మేడకు ఒక కాలు ఇక్కడ ఉన్నట్టు. ఈ ఇంట్లో ఆధారపడినవారు ఎవరని రాస్తారు?

ఈసారి లెక్క ఫోనులో అంటున్నారు, ఇంటివాళ్ళు తామే నింపుకోవచ్చంటున్నారు. సౌకర్యమే, కాదనలేం. అయితే ఫోను పట్టుకునేది మనవడే. 2011లో గుమ్మంలో కూర్చున్న పంతులుకు కనీసం రాట్నం చప్పుడైనా వినబడింది. యాప్‌కు అదీ వినబడదు. మనవళ్ళ సంగతి ఈ ఉత్తరం రాస్తున్నవాడికి బాగా తెలుసు.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. 1951 నుంచి 2011 దాకా ఏడు లెక్కలు ఆమె గుమ్మం తొక్కాయి. 1881 నుంచి పదేళ్ళకోసారి నడిచిన గణన 2021లో కరోనాకు ఆగింది. మరుసటి ఏడు వానాకాలంలో అవ్వ పోయింది. ఎనిమిదో లెక్కకు మనవడు నిజం చెప్పే అవకాశం అలా పోయింది. పోయే ముందు నెల దాకా 2,016 రూపాయల పింఛను తెచ్చుకుని కొంగున ముడేసుకునేది. ముడి విప్పేది మాత్రం మనవరాళ్ళ పెన్నులకూ గాజులకూ.

అందుకని కమిషనర్ గారూ, ఒక మనవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పంతుళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇంత చెప్పించండి: ఇంట్లో పెద్ద వయసు ఆడమనిషి ఉంటే ఆమె జవాబు ఆమె నోటి నుంచే తీసుకోవాలి, ఏం పని చేస్తావని కాకుండా నిన్న నాలుగింటి నుంచి ఏం చేశావని అడగాలి. యాప్‌లోనూ అరవై దాటిన ఆడవాళ్ళ దగ్గర ఆ ప్రశ్నే రావాలి. అవ్వలకు చెవి కొంచెం మందం, గట్టిగా అడగమనండి. చెప్పడం మొదలుపెడితే టైము పడుతుంది, తొందర పడొద్దనండి. నడుమలో చాయ్ పెడతానని ఆమె లేస్తే, దాన్ని కూడా రాసుకోమనండి.

ఇట్లు,
2011లో తప్పు జవాబు చెప్పిన మనవడు,
గద్వాల